కంప్యూటర్ ఆన్ కాకపోతే: మా దుకాణంలో రోజూ వినే అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

హనుమకొండలో కంప్యూటర్ల మరమ్మతు పనిలో ఉన్న నేను "అన్నా, సిస్టమ్ ఆన్ అయితలేదు" అన్న మాటను ఏడాది పొడవునా వింటాను గానీ, మూడు సందర్భాల్లో అది మరీ ఎక్కువగా వినిపిస్తుంది. ఎండలు ముదిరిన మే నెలలో ఒకసారి, తొలకరి ఉరుముల తరువాత ఒకసారి, దసరాకు ఇల్లు దులిపిన మరునాడు ఒకసారి. మాట ఒక్కటే అయినా ఈ మూడింటి వెనుక ఉండే లోపాలు వేరువేరు. ఆ తేడా తెలియక బాగున్న మదర్ బోర్డును (భాగాలన్నీ తగిలే ప్రధాన బోర్డు) మార్చుకున్నవారిని, అవసరం లేని ఫార్మాట్ (డిస్కును చెరిపి విండోస్ కొత్తగా ఎక్కించడం) వల్ల పిల్లల ఫోటోలు పోగొట్టుకున్నవారిని చూసి బాధపడి ఈ నాలుగు విషయాలు రాస్తున్నాను.

ముందుగా బటన్ నొక్కిన తరువాత లోపల జరిగే క్రమం తెలియాలి. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి పవర్ సప్లై) 12, 5, 3.3 వోల్టులుగా మారుస్తుంది. మనం నొక్కే బటన్ ఆ కరెంటును నేరుగా కలపదు, ఆన్ కమ్మని మదర్ బోర్డుకు ఒక సంకేతం మాత్రమే ఇస్తుంది. బోర్డు ఎస్‌ఎంపీఎస్‌ను మేల్కొలుపుతుంది, అది తన వోల్టేజీలు నిలకడకు వచ్చాయని తిరిగి చెబుతుంది, అప్పుడు ప్రాసెసర్ (ప్రధాన చిప్) బోర్డులోనే ఉండే బయోస్ అనే ప్రారంభ ప్రోగ్రామ్‌ను చదవడం మొదలుపెడుతుంది, బయోస్ ర్యామ్ అనే తాత్కాలిక మెమరీనీ డిస్‌ప్లేనూ పరీక్షించి ఆ తరువాతే డిస్కులో విండోస్‌ను వెతుకుతుంది. ఈ వరుసలో విండోస్ చిట్టచివరిది. కంప్యూటర్ ఏ మెట్టు దగ్గర ఆగిందో చూడకుండా చేసే మరమ్మతు ఊహ మీద ఆధారపడిన మరమ్మతే.

అపోహ: ఏ లోపమైనా ఒకసారి ఫార్మాట్ కొడితే పోతుంది.

వాస్తవం: తెర మీద అక్షరం కూడా రాని కంప్యూటర్‌కు ఫార్మాట్‌తో సంబంధమే లేదు, ఎందుకంటే అది ఇంకా విండోస్ దాకా రాలేదు. కంపెనీ పేరు కనిపించి, గుండ్రంగా తిరిగే చుక్కల దగ్గరో నీలి తెర దగ్గరో ఆగిపోతే మాత్రమే విండోస్‌ను అనుమానించాలి. అప్పుడు కూడా ఫార్మాట్ మొదటి మందు కాదు. ఆన్ అవుతూ రెండు మూడుసార్లు వరుసగా మధ్యలో ఆగిపోతే విండోస్ 10, 11 తమంతట తామే మరమ్మతు తెరను చూపిస్తాయి. అందులో స్టార్టప్ రిపేర్, సిస్టమ్ రిస్టోర్, చివరిగా వచ్చిన అప్‌డేట్‌ను తీసివేయడం, సేఫ్ మోడ్ అనే దారులన్నీ ఉంటాయి, వీటిలో ఏదీ మన ఫైళ్లను చెరపదు. ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే ఈ దశలో 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో వాడే ల్యాప్‌టాప్ అయితే ఆ కీ సాధారణంగా అదే ఖాతాలో దొరుకుతుంది కాబట్టి కంగారు పడి డిస్కు మొత్తం చెరిపించుకోవద్దు.

"సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేస్తాం, మీ డేటా భద్రం" అన్న హామీని కూడా అలాగే నమ్మకూడదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ అన్న ఫోల్డర్లు మనం ప్రత్యేకంగా మార్చుకోనంతవరకు సీ డ్రైవ్‌లోనే ఉంటాయి, మన ఇళ్లలో అందరూ దాచుకునేది డెస్క్‌టాప్ మీదనే. కాజీపేట నుంచి ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి కొన్నేళ్ల క్రితం నా దగ్గరకు వచ్చారు. ఆయన కంప్యూటర్ ఒకరోజు ఆన్ అయ్యేది, ఒకరోజు బూట్ డివైస్ (విండోస్ ఉన్న డిస్కు) దొరకలేదని చెప్పేది. ఎవరో ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా ఎక్కించి ఇచ్చారు, నాలుగు రోజులకు అదే మాట మళ్లీ తెర మీదికి వచ్చింది. విప్పి చూస్తే హార్డ్ డిస్కుకు వెళ్లే సాటా కేబుల్ మొన వదులై ఉంది. కేబుల్ మార్చడానికి ఐదు నిమిషాలు పట్టింది. డెస్క్‌టాప్ మీద ఉన్న ఆయన కూతురి పెళ్లి ఫోటోలను వెనక్కి తెచ్చే ప్రయత్నానికి మాత్రం మూడు రోజులు పట్టింది, అవీ అన్నీ రాలేదు. పాత ఫైళ్లు ఉన్న చోట కొత్త విండోస్ రాసుకుపోవడంతో చాలా ఫోటోలు పై సగం కనిపించి కింది సగం బూడిద రంగులో మిగిలాయి. "పోయింది పోనీ, సగమన్న ఉన్నది గదా బిడ్డా" అని ఆయనే నాకు నచ్చజెప్పారు. అది హార్డ్ డిస్కు కాబట్టి అంతైనా దక్కింది. తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతో చేసిన ఎస్‌ఎస్‌డీలో చెరిపిన భాగాన్ని డిస్కు తనంతట తానే ఖాళీ చేసుకుంటుంది కాబట్టి అందులో ఆ మాత్రం ఆశ కూడా సాధారణంగా ఉండదు. అందుకే ఫార్మాట్ తప్పనిసరి అయిన చోట కూడా ముందు డిస్కును విప్పి వేరే కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లు తీసి ఇవ్వమని గట్టిగా అడగండి. అలా తీసి ఇవ్వడం మా పనిలో భాగం.

అపోహ: ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, కాబట్టి కరెంటు సరిగ్గానే అందుతోంది.

వాస్తవం: ఫ్యాన్ తిరగడానికి పెద్ద నాణ్యమైన కరెంటు అక్కరలేదు, 12 వోల్టులు రావలసిన చోట 9 వచ్చినా అది తిరుగుతుంది. ప్రాసెసర్‌కు ఆ వెసులుబాటు లేదు. 12 వోల్టుల తీగ మీద 11.4 నుంచి 12.6 వరకు, 5 వోల్టుల తీగ మీద 4.75 నుంచి 5.25 వరకు మాత్రమే మన ఇళ్లలో ఉండే చాలా ఎస్‌ఎంపీఎస్‌ల ప్రమాణం అనుమతిస్తుంది. మే నెల వేడిలో, దుమ్ము పట్టిన కంప్యూటర్ డబ్బాలో ఏళ్ల తరబడి పనిచేసిన ఎస్‌ఎంపీఎస్‌లోని కెపాసిటర్లు (కరెంటును నిల్వ ఉంచే భాగాలు) ఎండిపోయి ఉబ్బుతాయి. అలాంటిది ఖాళీగా ఉన్నప్పుడు మీటరు మీద సరైన అంకె చూపిస్తూనే, ప్రాసెసర్ భారం పడగానే కుంగిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకు వెళ్లే పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపి ఫ్యాన్ తిరిగితే ఎస్‌ఎంపీఎస్ మంచిదని వీడియోల్లో చెప్పే పరీక్ష ఈ కారణం వల్లనే సగం నిజం. ఫ్యాన్ తిరగకపోతే అది పోయిందని చాలావరకు చెప్పవచ్చు, తిరిగితే మంచిదని చెప్పలేము. బాగున్న మరో ఎస్‌ఎంపీఎస్‌ను తగిలించి చూడటమే నమ్మదగిన పద్ధతి. ప్రాసెసర్ పక్కన విడిగా పెట్టే నాలుగు లేదా ఎనిమిది పిన్నుల కనెక్టర్ ఊడినా ఇదే లక్షణం కనిపిస్తుంది కాబట్టి ముందు దాన్ని చూడాలి.

ఒక హెచ్చరిక తప్పదు. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను ఇంట్లో విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్ 300 వోల్టులకు పైగా నిల్వ ఉంచుకుంటుంది, ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు అది ప్రాణాంతకమే.

కంప్యూటర్ ఏ మాత్రం చలనం లేకుండా ఉన్నప్పుడు మాత్రం కంప్యూటర్ డబ్బా జోలికి వెళ్లకముందే యూపీఎస్‌ను పక్కన పెట్టి, గోడ సాకెట్‌కు నేరుగా తగిలించి చూడండి. ఇళ్లలో వాడే చిన్న యూపీఎస్ బ్యాటరీ రెండు మూడేళ్లకే బలహీనపడుతుంది. బటన్ నొక్కిన క్షణంలో పడే భారాన్ని తట్టుకోలేక యూపీఎస్ కూత పెట్టి ఆగిపోతే మనం కంప్యూటర్‌ను తప్పుపడతాం.

అపోహ: డిస్‌ప్లే రాకపోతే మదర్ బోర్డు పోయినట్టే.

వాస్తవం: నా అనుభవంలో డిస్‌ప్లే రాని డెస్క్‌టాప్‌లలో ఎక్కువ వాటికి కారణం ర్యామ్ సరిగా తగలకపోవడమే. దసరా ముందు ఇల్లు దులుపుతూ డబ్బాను ఈ గది నుంచి ఆ గదికి మార్చినప్పుడు, ఏళ్లుగా దుమ్ము పట్టిన ర్యామ్ వెంట్రుకవాసి కదిలినా చాలు. ప్లగ్గు తీసి, పవర్ బటన్‌ను పది పదిహేను సెకన్లు నొక్కి మిగిలిన కరెంటును వదిలించి, డబ్బా ఇనుప భాగాన్ని చేత్తో తాకిన తరువాత ర్యామ్‌ను బయటికి తీయండి. దాని బంగారు రంగు అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని గుడ్డతో తుడవడం ఉత్తమం. తెల్ల రబ్బరుతో తుడిచే పద్ధతి మాలో చాలామందికి అలవాటే గానీ, ఆ పొడి స్లాటులో పడకుండా బోర్డుకు దూరంగా చేయాలి. తిరిగి పెట్టేటప్పుడు చివర్లలోని క్లిప్పులు టక్కుమని పడేదాకా నొక్కాలి. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కొక్కటిగా పెట్టి చూస్తే లోపం ఉన్నదేదో తెలిసిపోతుంది.

పాత బోర్డులు బీప్ శబ్దంతో లోపం చెప్పేవి. కొత్తవాటిలో చాలా వాటికి ఆ స్పీకర్ ఉండదు. బదులుగా కొన్ని బోర్డుల అంచున సీపీయూ, డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (డిస్‌ప్లే), బూట్ (విండోస్ ఉన్న డిస్కు) అని సూచించే నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. ఏ లైటు వెలిగి ఆరకుండా నిలిచిపోయిందో అక్కడే బండి ఆగింది. మన దగ్గర డబ్బా మొత్తాన్ని సీపీయూ అనడం అలవాటు కాబట్టి ఇక్కడొక మాట చెప్పాలి. ఆ లైటు పక్కన రాసిన సీపీయూ అంటే ప్రాసెసర్ మాత్రమే.

తెర మీద నో సిగ్నల్ అని వస్తే మానిటర్ పోయిందనుకోవడం కూడా దసరా నాటి అపోహే. ఆ అక్షరాలు చూపించేది మానిటరే కదా, అది బతికే ఉంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్లలో కేబుల్‌ను కార్డుకు కాకుండా పైనున్న బోర్డు పోర్టుకు పెట్టడమే చాలాసార్లు కారణం.

అపోహ: చిన్న బటన్ బ్యాటరీ అయిపోతే కంప్యూటర్ ఆన్ కాదు.

వాస్తవం: సీఆర్ 2032 అనే ఆ 3 వోల్టుల బ్యాటరీ గడియారాన్నీ బయోస్ సెట్టింగులనూ కాపాడుతుంది. అది అయిపోతే తేదీ వెనక్కి పోతుంది, కొన్ని కంప్యూటర్లు ఎఫ్1 నొక్కమని అడుగుతాయి. అంతకు మించి జరగడం అరుదు.

అపోహ: యూపీఎస్ ఉంది కాబట్టి పిడుగుతో భయం లేదు.

వాస్తవం: ఇంటి యూపీఎస్ కరెంటు పోయినప్పుడు కాసేపు ఆదుకోవడానికి తయారైంది, పిడుగును ఆపడానికి కాదు. పైగా పిడుగు ప్రభావం కరెంటు తీగ వెంటే రావాలని లేదు. రాగి ఇంటర్నెట్ కేబుల్ మీదుగా వచ్చి నెట్‌వర్క్ పోర్టుతో పాటు బోర్డును కూడా కాల్చిన సందర్భాలను ప్రతి తొలకరిలోనూ చూస్తున్నాను. ఉరుములు వినిపించగానే స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గునూ ఇంటర్నెట్ కేబుల్‌నూ రెండింటినీ పీకాలి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టి వాడే ఇళ్లలో డబ్బాను తాకితే జివ్వుమంటుంది. అది ఎర్తింగ్ లేదనడానికి గుర్తు. అప్పుడు ముందు పిలవవలసింది ఎలక్ట్రీషియన్‌ను.

అపోహ: తడిసిన కంప్యూటర్ ఎండలో పెడితే సాయంత్రానికి ఆరిపోతుంది, ఆన్ చేసి చూడవచ్చు.

వాస్తవం: 2023 జూలై చివరి వారంలో వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి వరద వచ్చినప్పుడు నేను నేర్చుకున్నది ఇదే. నీళ్లలో మునిగినవాటికంటే, మునిగి తేలిన తరువాత "ఒక్కసారి చూద్దాం" అని ఆన్ చేసినవే బాగుకాకుండా పోయాయి. తడి ఉన్న చోట కరెంటు పారినప్పుడు బోర్డు మీది సన్నని దారులు కాలిపోతాయి, తుప్పు పడతాయి. తడిసిన వెంటనే ప్లగ్గు తీయాలి, బటన్ బ్యాటరీని కూడా తీయాలి, ఎందుకంటే ప్లగ్గు లేకున్నా బోర్డులో ఒక భాగానికి అది కరెంటు ఇస్తూనే ఉంటుంది. వరద నీరు అయితే ఆరబెట్టడం కూడా చాలదు, బురదను కడిగించాలి. హార్డ్ డిస్కును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆన్ చేయవద్దు. చాలా హార్డ్ డిస్కులకు గాలి ఆడే సన్నని రంధ్రం ఉంటుంది, నీరు అందులోంచి లోపలికి చేరి ఉండవచ్చు. టక్ టక్ అని చప్పుడు చేసే డిస్కుకూ ఇదే వర్తిస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే బతుకుతుందన్న పాత చిట్కా లోపల తేమ పేరుకునేలా చేసి మిగిలిన అవకాశాన్ని కూడా తీసేస్తుంది.

దుకాణానికి వచ్చేటప్పుడు మానిటర్, కీబోర్డు మోసుకురానవసరం లేదు, డబ్బా ఒక్కటి చాలు. బయలుదేరే ముందు మాత్రం ఇంట్లోనే బటన్ నొక్కి, లోపలి లైట్లు, తెర, శబ్దం అన్నీ వచ్చేలా ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసుకోండి. ఆటోలో కుదుపులకు ర్యామ్ సర్దుకుని నా బల్ల మీద చక్కగా ఆన్ అయ్యే కంప్యూటర్లు చాలా ఉంటాయి. అప్పుడు అది ఇంట్లో ఏ మెట్టు దగ్గర ఆగిందో నాకు చూపించేది ఆ వీడియో ఒక్కటే.