తిండి లేనిచోట నాటకమెందుకని అడిగిన పిల్లలకు

చిరంజీవులైన పిల్లలకు అమ్మమ్మ ఆశీస్సులు.

పాలస్తీనా పిల్లలు నాటకాలు వేస్తారని నేను చెప్పగానే మీలో ఒకరు ఠక్కున అడిగారు: "తిండీ నీళ్ళూ లేనిచోట నాటకమేమిటి అమ్మమ్మా?" అని. మంచి ప్రశ్న. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఇందులో మనసుకి కష్టం కలిగించే సంగతులున్నాయి. వార్తలు చూసి అర్థం చేసుకునే వయసు మీకొచ్చింది కనుక దాచడం లేదు.

ముందు ఆ పిల్లలు ఉండే చోటు గురించి. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పుడు ఏడు లక్షల మందికి పైగా పాలస్తీనీయులు ఇల్లూ పొలమూ పోగొట్టుకున్నారు. వాళ్ళు తలదాచుకున్న గుడారాలే పోనుపోను సిమెంటు గదులయ్యాయి, ఇరుకు సందులయ్యాయి. ఇప్పటికీ వాటిని శిబిరాలనే అంటారు. జోర్డాన్ నదికి పడమటనున్న పాలస్తీనా ప్రాంతాన్ని వెస్ట్ బ్యాంకు అంటారు. దాని ఉత్తరాన ఉన్న జెనీన్ శిబిరం 1953 నాటిది, అర చదరపు కిలోమీటరు కూడా ఉండదు. 1967 నుంచి ఆ ప్రాంతం ఇజ్రాయెల్ సైన్యం ఆక్రమణలో ఉంది. అక్కడ పుట్టిన పిల్ల ఏ రోజు బడికి వెళ్ళగలదో, పక్క ఊళ్ళో ఉన్న మేనమామని చూడగలదో లేదో చెక్‌పోస్టు దగ్గర తుపాకీ పట్టుకున్న సైనికుడి చేతిలో ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మీ ప్రశ్నకి జవాబు ఇక్కణ్ణించే మొదలవుతుంది.

1987 చివర పాలస్తీనీయులు తిరగబడ్డారు. దాన్ని మొదటి ఇంతిఫాదా అంటారు. సైన్యం బడులు మూయించింది. అప్పుడు జెనీన్‌కి అర్నా మెర్ ఖామిస్ అనే ఆవిడ వచ్చింది. ఆవిడ యూదురాలు. 1929లో పుట్టింది. వయసులో ఉన్నప్పుడు యూదుల సాయుధ దళంలో పనిచేసింది కూడా. తర్వాత పాలస్తీనా అరబ్బు అయిన ఒక కమ్యూనిస్టుని పెళ్ళాడి, ఆక్రమణకి ఎదురు నిలబడింది. బడులు లేని పిల్లలని చేరదీసి కాగితాలూ రంగులూ ఇచ్చింది, చదువు చెప్పింది. 1993లో ఆవిడకి రైట్ లైవ్లీహుడ్ అనే అంతర్జాతీయ పురస్కారం వచ్చింది. ఆ డబ్బుతో శిబిరంలో ఒక కుటుంబం వాళ్ళ ఇంటి పైఅంతస్తులో పిల్లల కోసం చిన్న నాటకశాల కట్టించింది. నటుడైన ఆవిడ కొడుకు జూలియానో అక్కడి పిల్లలకి నటన నేర్పాడు. 1995లో అర్నా క్యాన్సర్‌తో చనిపోయింది.

ఇక కష్టమైన భాగం. 2002 ఏప్రిల్లో సైన్యం జెనీన్ శిబిరంలోకి చొరబడి నడిమధ్యన ఉన్న ఇళ్ళను వందల సంఖ్యలో బుల్డోజర్లతో కూల్చేసింది. నాటకశాల కూడా పోయింది. జూలియానో కెమెరా పట్టుకుని తిరిగొచ్చి, అమ్మ పెంచిన ఆ పిల్లలు ఏమయ్యారో వెతికాడు. కొందరు పెరిగి పెద్దవాళ్ళై తుపాకీ పట్టి ఆ పోరులోనే చనిపోయారు. ఒకడు అంతకు ముందే, 2001లో, ఇజ్రాయెల్‌లోని ఒక పట్టణంలో మామూలు జనం మీద కాల్పులు జరిపి తనూ చచ్చిపోయాడు. ఆ కాల్పుల్లో దారిన పోయే ఆడవాళ్ళు బలయ్యారు.

ఈ ముక్క దాటేసి చెబితే కథ అందంగానే ఉంటుంది. కానీ నాటకం నేర్పితే చాలు, పిల్లలు తుపాకీ జోలికి పోరని ఎవరైనా అంటే నమ్మకండి. ఇల్లు కూలుతుంటే, తల్లిని కళ్ళ ముందే చంపుతుంటే ఆ గాయాన్ని మాన్పే శక్తి ఏ నాటకానికీ లేదు. దాన్ని ఆపాల్సింది ఆ పని చేస్తున్న పెద్దవాళ్ళు. పిల్లల చేత పాటలు పాడించి శాంతి వచ్చేసిందనుకోవడం నాకు నచ్చదు.

మరి నాటకం చేసేదేమిటి? మన బడుల్లో ఏళ్ళ తరబడి వార్షికోత్సవాలకి నాటకాలు వేయించినదాన్ని కాబట్టి నేను చూసిందే చెబుతాను. క్లాసులో నోరు విప్పని పిల్లకి రాణి వేషం ఇచ్చి చూడండి. తెర లేచేసరికి మెడ నిలుస్తుంది, గొంతు మారుతుంది. ఎటు నడవాలో, ఎంతసేపు ఆగాలో, ఎవరి వంక చూడాలో తానే తేల్చుకుంటుంది. మన పిల్లలకి ఇది సరదా. రోజంతా వేరేవాళ్ళ హుకుం మీద బతికే పిల్లకి, తన కాళ్ళు తన మాట వినే చోటు ఆ నాలుగు చెక్కల వేదిక ఒక్కటే కావచ్చు. అది చిన్న విషయమని నేను అనుకోను.

వెస్ట్ బ్యాంకులోని రమల్లా పట్టణంలో అష్తార్ అనే నాటక సంస్థ ఉంది. ఇమాన్ ఔన్, ఎడ్వర్డ్ ముఅల్లిం అనే ఇద్దరు నటులు 1991లో జెరూసలేంలో మొదలుపెట్టారు. పిల్లలకీ యువతకీ నటన నేర్పడమే వాళ్ళ అసలు పని. బ్రెజిల్‌కి చెందిన అగస్తో బోఆల్ కనిపెట్టిన ఒక పద్ధతిని వాళ్ళు వాడతారు. అది ఎలా నడుస్తుందో కాస్త వివరంగా చెబుతాను, మీకు నచ్చుతుంది. ముందు ఒక చిన్న నాటిక ఆడతారు. ఉదాహరణకి, పదిహేనేళ్ళ అమ్మాయిని చదువు మాన్పించి పెళ్ళి చేయబోతున్నారనుకోండి. కథ ఆ అమ్మాయి ఓడిపోయే దగ్గర ఆగిపోతుంది. తర్వాత అదే నాటికను మళ్ళీ మొదటినుంచి ఆడతారు. ఈసారి చూసేవాళ్ళలో ఎవరైనా సరే "ఆపండి" అని అరవచ్చు. అరిచినవాళ్ళు వేదికెక్కి ఆ అమ్మాయి స్థానంలో నిలబడి, తామైతే ఏం చేస్తారో చేసి చూపించాలి. ఊరికే సలహా ఇచ్చి కూర్చుంటే కుదరదు. తండ్రి వేషం వేసినవాడు తేలిగ్గా లొంగడు, నిజం తండ్రిలాగే ఎదురు వాదిస్తాడు. ఒకరి ఉపాయం పారకపోతే ఇంకొకరు వస్తారు. ఆ సాయంత్రం సమస్య తీరిపోతుందనేమీ లేదు. కానీ అక్కడ కూర్చున్న ప్రతి పిల్లా ఒక మొండి తండ్రిని ఎదుర్కొనే దారులు కళ్ళారా చూస్తుంది.

గమనించారా, ఈ నాటికలో శత్రువు సైనికుడు కాడు, సొంత ఇల్లే. పాలస్తీనా నాటకాల్లో నేను ఎక్కువ గౌరవించేది దీన్నే. బయటి అన్యాయాన్ని చూపించి లోపలిదాన్ని కప్పిపుచ్చరు. ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే వేదిక మీద నటిస్తే ఒప్పుకోని పెద్దలు అక్కడా ఉన్నారు, వాళ్ళతో గొడవలూ పడ్డారు.

గాజా అంటే సముద్రం ఒడ్డున ఉన్న ఇంకో పాలస్తీనా ప్రాంతం. 2008 డిసెంబరులో మొదలైన గాజా యుద్ధం ముగిశాక అష్తార్ అక్కడి పిల్లలతో ఒక పని చేయించింది. ముప్పై మందికి పైగా పిల్లలు తాము చూసినదాన్ని తమ మాటల్లో రాశారు, ఒక్కొక్కరిదీ ఒక్కో ఏకపాత్ర. వాటికి గాజా స్వగతాలని పేరు. గాజా దిగ్బంధంలో ఉంది, పిల్లలు బయటికి వచ్చి ప్రదర్శించే వీల్లేదు. అందుకని 2010లో ముప్పైకి పైగా దేశాల్లో వేరే పిల్లలు వాళ్ళ బదులు నిలబడి, వాళ్ళ మాటలే చెప్పారు. ఆ నవంబరులో న్యూయార్క్‌లో ఐక్యరాజ్య సమితిలోనూ వినిపించారు. మనుషులు దాటలేని గేటును మాటలు దాటాయి.

గాజాలో సయీద్ అల్ మిషాల్ సాంస్కృతిక కేంద్రమని, నాటకశాల ఉన్న పెద్ద భవనం ఉండేది. 2018 ఆగస్టు 9న ఇజ్రాయెల్ వైమానిక దాడిలో అది నేలమట్టమైంది. కళాకారులు ఆ శిథిలాల దగ్గరికే వచ్చి పాడారు.

బేత్లెహేం పక్కన ఐదా శిబిరంలో అబ్దుల్ ఫత్తా అబూ స్రూర్ 1998లో అల్ రొవాద్ కేంద్రం పెట్టారు. ఆయన ఆ శిబిరంలోనే పుట్టి, ఫ్రాన్స్‌లో డాక్టరేటు చేసి తిరిగొచ్చారు. పిల్లలకి నాటకం, డాన్సు నేర్పే తన పనిని ఆయన అందమైన ప్రతిఘటన అంటారు.

మళ్ళీ జెనీన్‌కి వద్దాం. 2006లో జూలియానో శిబిరంలో ఫ్రీడమ్ థియేటర్ పెట్టాడు. పాతికేళ్ళు నిండని కుర్రాళ్ళూ అమ్మాయిలూ అక్కడ నటన చదువుకుని నటులయ్యారు. 2011 ఏప్రిల్ 4న, ముసుగు వేసుకున్న ఒకడు నాటకశాల బయటే జూలియానోని కాల్చి చంపాడు. ఎవరు చంపారో ఈనాటికీ తేలలేదు. శిష్యులు మాత్రం నాటకశాలకి తాళం వేయలేదు. అదే ఏడాది కొత్త నాటకం ఆడారు.

ఇలాంటిదే మన దేశంలోనూ జరిగింది. 1989 జనవరి 1న ఢిల్లీ పక్కనున్న సాహిబాబాద్‌లో వీధినాటకం ఆడుతుండగా జన నాట్య మంచ్ బృందం మీద దాడి చేశారు. ఆ బృందాన్ని నడిపే సఫ్దర్ హష్మీ మర్నాడు చనిపోయారు. జనవరి 4న ఆయన భార్య మొలయశ్రీ, మిగతా నటులు అదే చోటికి వెళ్ళి ఆగిపోయిన నాటకాన్ని పూర్తిగా ఆడి వచ్చారు. ఆ బృందమూ జెనీన్ నటులూ కలిసి ఒక నాటకం తయారుచేసి 2016 మొదట్లో మన దేశంలో ఊరూరా తిరిగి ఆడారు. ఒకరి బాధ ఒకరికి తెలిసినవాళ్ళు కనుకే అది కుదిరిందని నా నమ్మకం.

2023 అక్టోబరు 7న, గాజాని ఏలుతున్న పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ చేసిన దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మంది చనిపోయారు. ఆ తర్వాతి యుద్ధంలో గాజాలో వేలకు వేల మంది పిల్లలు చనిపోయారు. డిసెంబరు 13న సైన్యం జెనీన్ నాటకశాలలోకి దూరి అంతా చిందరవందర చేసి, కళా దర్శకుడు అహ్మద్ తుబాసీ, నిర్వాహకుడు ముస్తఫా షేతా ఇద్దరినీ పట్టుకుపోయింది. తుబాసీని మర్నాడు వదిలేశారు. ముస్తఫాని నేరమేమిటో చెప్పకుండా ఏడాదికి పైగా జైల్లో ఉంచారు. 2025 జనవరిలో సైన్యం మళ్ళీ వచ్చి శిబిరాన్ని దాదాపుగా ఖాళీ చేయించింది. ఆ పిల్లలు చుట్టుపక్కల ఊళ్ళకి చెదిరిపోయారు.

తిండి ముందా నాటకం ముందా అంటే తిండే ముందు, అందులో మాటే లేదు. అయితే ఒకటి ఇస్తే రెండోది అక్కర్లేదని అనుకోవడం ఆ పిల్లలని కడుపులుగా మాత్రమే లెక్కగట్టడం. వాళ్ళకి చెప్పుకోవలసిన మాటలున్నాయి, చేసి చూపించవలసిన కోపాలున్నాయి, మీలాగే పగలబడి నవ్వాలన్న కోరికా ఉంది.

నవంబరు 29 పాలస్తీనా ప్రజలకి సంఘీభావం తెలిపే అంతర్జాతీయ దినం. 2023లో ఆ రోజున అష్తార్ పిలుపు మేరకు ఎన్నో దేశాల్లో నటులు గాజా స్వగతాలని మళ్ళీ చదివారు. మీ బడిలో ఏకపాత్రాభినయం పోటీ పెడితే అందరూ దుర్యోధనుడి మీదే పడతారు కదా. ఈసారి మీలో ఒకరు ఆ స్వగతాల్లోంచి ఒకటి ఎంచుకుని, మీరే తెలుగు చేసుకుని చెప్పండి. ఏడుపు గొంతు పెట్టొద్దు, రాసిన పిల్ల ఎంత మామూలుగా రాసిందో అంత మామూలుగా పలకండి. ఏది ఎంచుకున్నారో నాకు రాయండి, తెలుగు కుదరని చోట ఇద్దరం కూర్చుని సరిచేద్దాం.

ఉంటాను,
మీ అమ్మమ్మ