హద్దు దాటితే చెల్లని ముద్ర

కార్యాలయాలు తమ శాఖలను కలిపే లీజు లైన్లనూ (అద్దెకు తీసుకున్న సొంత లైన్లు), ఎంపీఎల్‌ఎస్‌నూ (ప్రొవైడర్ నడిపే ప్రైవేటు నెట్‌వర్క్) వదిలి మామూలు ఇంటర్నెట్ కనెక్షన్లకు మారుతున్నకొద్దీ పాత తగువు మళ్లీ రాజుకుంది. శాఖల మధ్య లింకు మీద ఫోను మాటకు ప్రాధాన్యం ఇవ్వాలా, లింకు వేగం పెంచి ఊరుకుంటే చాలా? మాట ఐపీ ప్యాకెట్లలోకి, అంటే ఇంటర్నెట్ మోసే చిన్న డేటా పొట్లాల్లోకి, ఎలా చేరిందన్నది తెలిసిన కథే. ఇప్పటి వాదన అంతు పట్టాలంటే నేరుగా 1998 డిసెంబరుకు వెళ్లాలి.

ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ ఆ నెలలో 2474, 2475 సంఖ్యలతో రెండు ఆర్‌ఎఫ్‌సీలు (సాంకేతిక పత్రాలు) వెలువరించింది. ప్యాకెట్లకు ప్రాధాన్య ముద్ర వేసే డిఫ్‌సర్వ్ పద్ధతి పుట్టింది వాటిలోనే. అప్పటికి ఏడాది ముందే, 1997 సెప్టెంబరులో, ఆర్‌ఎస్‌వీపీ అనే మరో పద్ధతి వచ్చి ఉంది. అందులో ఒక్కో కాల్ తన దారిలోని రూటర్లన్నిటినీ అడిగి చోటు రిజర్వు చేసుకుంటుంది. చోటు దొరక్కపోతే ఆ సంగతి ముందే తెలిసిపోతుంది. అయితే వేల కాల్స్ ఒకేసారి సాగే చోట, ప్రతి ప్రవాహం లెక్కనూ మధ్యలోని రూటర్లు గుర్తుపెట్టుకోవడం మోయలేని భారమైంది. డిఫ్‌సర్వ్ ఆ లెక్కలన్నిటినీ పక్కన పెట్టేసింది. ప్యాకెట్ ముందుభాగమైన హెడర్‌లో ఆరు బిట్ల ముద్ర పడితే చాలు, దాన్ని చూసి ఏ రూటర్ నిర్ణయం ఆ రూటర్ తీసుకుంటుంది. 1999 జూన్‌లో వాయిస్ లాంటి ఆగలేని ట్రాఫిక్ కోసం ఒక తరగతిని నిర్వచించారు. దానికి సూచించిన విలువ 46.

నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ఆర్‌ఎస్‌వీపీ ఇవ్వజూపింది హామీ, డిఫ్‌సర్వ్ ఇచ్చింది గుర్తు. ఆ గుర్తుకు ఒక యాజమాన్యం కింద ఉన్న నెట్‌వర్క్ లోపలే విలువ. హద్దు దాటాక అవతలివాళ్లు దాన్ని గౌరవించవచ్చు, మార్చవచ్చు, తుడిచేయవచ్చు.

ఆ రోజుల్లో ప్రాధాన్యం ఎంత అవసరమో ఒక్క లెక్క చెబుతుంది. 64 కిలోబిట్ల లింకు మీద 1500 బైట్ల ఫైలు ప్యాకెట్ బయటకు వెళ్లడానికే 187.5 మిల్లీసెకన్లు పడుతుంది. సంభాషణ సాఫీగా సాగాలంటే ఒక దిశలో ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకూడదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వెలువరించిన జీ.114 సిఫార్సు. వాయిస్ ప్యాకెట్ వరుసలో అందరికంటే ముందున్నా, అప్పటికే బయల్దేరిన పెద్ద ప్యాకెట్ పూర్తయ్యేదాకా ఆగాల్సిందే. అందుకే పెద్ద ప్యాకెట్లను పది మిల్లీసెకన్లలో వెళ్లిపోయే 80 బైట్ల ముక్కలుగా కోసేవారు.

వేగం పెంచితే చాలనే వాళ్ల వాదన తీసిపారేయదగ్గది కాదు. 100 మెగాబిట్ల లింకు మీద అదే ప్యాకెట్‌కు పట్టేది 0.12 మిల్లీసెకన్లే. అమెరికా విశ్వవిద్యాలయాల నెట్‌వర్క్ ఇంటర్నెట్2 కూడా తాను తలపెట్టిన ప్రీమియం (ప్రాధాన్య) సేవ అమల్లోకి రావడం కష్టమని 2002లో తేల్చింది.

కానీ ఇంటర్నెట్‌లో ఫైళ్లు పంపడానికి వాడే టీసీపీ నియమావళి స్వభావాన్ని ఆ వాదన మరిచిపోతుంది. ప్యాకెట్ల నష్టం ఎదురయ్యేదాకా టీసీపీ పంపుతూనే పోతుంది, ఈలోగా ప్యాకెట్లు వేచి ఉండే బఫర్ నిండిపోతుంది. బఫర్లు అతిగా పెరిగిపోయిన సంగతిని 2010 చివర్లో ప్రోగ్రామర్ జిమ్ గెటిస్ బయటపెట్టారు. ఎంత వేగవంతమైన లింకునైనా ఒక పెద్ద బ్యాకప్ నింపేయగలదు. అప్పుడు మాట వెళ్లి నిలబడేది ఆ క్యూ చివరే.

ఇక నేటి చిక్కు. రూటర్ పోర్టు వేగం ఒక గిగాబిట్, కొనుక్కున్న వేగం 50 మెగాబిట్లు అనుకుందాం. రూటర్‌కు రద్దీయే కనబడదు కాబట్టి అందులో ఎంతో శ్రద్ధగా పెట్టిన ప్రాధాన్య క్యూ పనిలోకే దిగదు. ప్యాకెట్లు పేరుకునేది ప్రొవైడర్ పరికరంలో, 46ను ఎవరూ పట్టించుకోని చోట. ప్రాధాన్యం పెట్టినా మాట తెగుతోందన్న ఫిర్యాదులు చాలావరకు ఇక్కడివే. బయటికి పంపే వేగాన్ని 50కి కాస్త దిగువన షేపింగ్‌తో కట్టేస్తే క్యూ మన రూటర్‌లోకి వచ్చేస్తుంది, ముద్రకు మళ్లీ విలువ వస్తుంది. వాయిస్ తరగతికీ ఒక పరిమితి విధించాలి. లేకపోతే ప్రతి అప్లికేషనూ 46 తగిలించుకుని వచ్చి మిగతా డేటాను నిలిపేస్తుంది.

లోపలికి వచ్చే దిశలో పని ఇంత తేలిక కాదు. శాఖల మధ్య ఇంటర్నెట్ మీదుగా వేసుకున్న టన్నెల్ (ప్రైవేటు దారి) అవతలి కొస కూడా మనదే అయితే, అక్కడి రూటర్‌లో ఈ శాఖ వేగానికి తగ్గట్టు షేపింగ్ పెట్టవచ్చు. శాఖ నేరుగా ఇంటర్నెట్ నుంచి దించుకునే ట్రాఫిక్ మీద మాత్రం ఆ పట్టు దొరకదు.