రేకుతో విమానమా, అదీ ఇంట్లోనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

గ్యారేజీలో రెక్క స్టాండు మీద ఉన్నన్నాళ్లూ, చూడటానికి వచ్చిన వాళ్లంతా ఒకటే పని చేసేవారు. వేలు మడిచి రేకు మీద టకటకా కొట్టి నా మొహంలోకి చూసేవారు. "ఇంత పల్చనా?" అనేవారు. కాస్త చనువున్న వాళ్లయితే "దీంట్లో నువ్వొక్కడివే ఎక్కుతావా, మమ్మల్ని కూడా ఎక్కమంటావా?" అని కూడా అడిగేవారు.

భాగాలు కొని ఇంట్లోనే కూర్చుకునే కిట్ విమానం ఒకటి పూర్తి చేశాను. రెండోదాని తోక పనిలో ఉన్నాను. మధ్యలో ఎవరైనా పిలిస్తే రివెట్లు కొట్టడానికి చేయి సాయం వెళ్తుంటాను. ఇన్నేళ్లలో రేకు గురించి, రివెట్ల గురించి నన్ను అడిగినవాళ్లు లెక్కలేనంత మంది. ఇంధనం పైపుల గురించి మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: అంత పల్చటి రేకు గాలికి చిరిగిపోతుంది

పల్చనే, అబద్ధం చెప్పను. తేలికపాటి విమానం రెక్క మీద రేకు చాలాచోట్ల 0.020 నుంచి 0.032 అంగుళాలు ఉంటుంది. అంటే అర మిల్లీమీటరు నుంచి 0.8 మిల్లీమీటర్లు. అయితే రెక్కను పైకి వంచే బరువులో ఎక్కువ భాగాన్ని మోసేది లోపల రెక్క పొడవునా వెళ్లే స్పార్ అనే దూలం. రెక్క మెలి తిరగకుండా పట్టి ఉంచడం రేకు పని.

ఖాళీ కూల్‌డ్రింక్ టిన్నును నిలబెట్టి, దాని మీద మెల్లగా నిలబడి చూడండి. మనిషి బరువును కూడా మోస్తుంది. ఎవరైనా పక్కనుంచి కర్రతో చిన్న సొట్ట పెట్టారో, మరుక్షణం చప్పున అణిగిపోతుంది. రేకు బలమంతా దాని ఆకారంలోనే ఉంది. ఆ ఆకారం చెడకుండా కాపాడేందుకే లోపల వరుసగా రిబ్బులు, అంటే రెక్క ఆకారంలో వంచిన పక్కటెముకల్లాంటి రేకు ముక్కలు పెడతారు.

పైగా ఇది వంటగిన్నెల అల్యూమినియం కాదు. చాలా కిట్లలో వాడేది 2024-టీ3 అనే మిశ్రమలోహం. ఇందులో నాలుగు శాతానికి కాస్త పైగా రాగి ఉంటుంది. బలంలో మామూలు ఉక్కుకు తీసిపోదు, బరువు చూస్తే దాంట్లో మూడోవంతు. రాగి ఉన్నందుకు తొందరగా తుప్పు పట్టే గుణం కూడా ఉంది కాబట్టి, రేకుకు రెండువైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొర అద్ది అమ్ముతారు. క్రిస్ హైంట్జ్ రూపొందించిన జెనిత్ కిట్ విమానాల్లో 6061-టీ6 అనే మరో మిశ్రమలోహం వాడతారు. దానికి బలం కొంచెం తక్కువ, తుప్పును తట్టుకోవడంలో మేలు.

అపోహ: వెల్డింగ్ చేసి ఉంటే ఇంకా గట్టిగా ఉండేది

చిత్రమేమిటంటే ఈ మాట ఎక్కువగా అనేది వెల్డింగ్ వచ్చినవాళ్లే. 2024 రేకుకు ఆ బలం వచ్చిందే ఫ్యాక్టరీలో కొలత ప్రకారం వేడిచేసి చల్లార్చడం వల్ల. దానికి వెల్డింగ్ మంట తగిలితే ఆ చుట్టుపక్కల బలం పోతుంది, అతుకు దగ్గర పగుళ్లు కూడా వస్తాయి.

ఇక రివెట్ బలమంటారా, 1/8 అంగుళం రివెట్‌ను అడ్డంగా కోయాలంటే 388 పౌండ్లు, అంటే సుమారు 176 కిలోల బలం కావాలి. విమానం మొత్తానికి అలాంటివి, ఇంకాస్త చిన్నవి కలిపి వేలల్లో ఉంటాయి. రివెట్ కూడా అల్యూమినియం మిశ్రమమే. తల మధ్యలో సూదిమొన అంత గుంట ఉంటే అది ఏడీ రకం అని గుర్తు. కొన్ని గట్టి రకాల రివెట్లను ఫ్రీజర్‌లో ఉంచి, బయటికి తీసిన కాసేపట్లోనే కొట్టేయాలి. ఏడీ రకానికి ఆ బాధ లేదు, డబ్బాలోంచి తీసి నేరుగా కొట్టుకోవచ్చు.

అపోహ: ఒక్క రివెట్ వంకర పోయినా తీసి కొత్తది వేయాల్సిందే

దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నేనే దెబ్బతిన్నాను.

రివెట్ కొట్టడానికి ఇద్దరుండాలి. ఒకరు తలవైపు నుంచి కొట్టే రివెట్ గన్ పట్టుకుంటే ఇంకొకరు వెనకవైపు బకింగ్ బార్ అనే బరువైన లోహపు దిమ్మను ఆనించి ఉంచాలి. గన్ దడదడలాడిన ఒకటి రెండు సెకన్లలో రివెట్ తోక (వెనక్కి పొడుచుకొచ్చిన కొస) నలిగి రెండో తలలా తయారవుతుంది. అది సరిగ్గా వచ్చిందా లేదా అనేదానికి లెక్క సులువే. నలిగిన తల వెడల్పు రివెట్ మందానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి. 1/8 రివెట్‌కైతే 3/16 వెడల్పు, 1/16 ఎత్తు. చూసుకోవడానికి చిన్న గేజ్ ముక్క దొరుకుతుంది. మొదటి నెలలో దాన్ని జేబులో పెట్టుకునే భోజనానికి కూర్చునేవాణ్ణి.

నా మొదటి విమానం తోకలో ఒక రివెట్ తల రవ్వంత పక్కకు వాలింది. గేజ్ పెడితే సరిపోతోంది. అయినా కంటికి నచ్చలేదు. డ్రిల్ తీసుకున్నాను. మొన జారింది, రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. సరే, పెద్ద సైజు రివెట్ వేద్దామనుకుంటే అంచుకు మరీ దగ్గరైపోయింది. రంధ్రం మధ్య నుంచి రేకు అంచు దాకా కనీసం రివెట్ మందానికి రెట్టింపు దూరం ఉండాలన్నది మా లెక్క. చివరికి ఆ రిబ్బే మార్చాల్సి వచ్చింది. బాగానే ఉన్న రివెట్‌ను బాగుచేయబోయి మూడు సాయంత్రాలు, ఒక రిబ్బు పోగొట్టుకున్నాను.

కొద్దిగా వాలిన రివెట్ తన పని తాను చేస్తూనే ఉంటుంది. పెద్దదైన రంధ్రం మాత్రం మళ్లీ చిన్నదవదు. తీయక తప్పనివీ ఉంటాయి: తల కింద సందు కనిపించేవి, రెండు రేకుల మధ్యలో ఉబ్బినవి, పగిలినవి. తీసేటప్పుడు తల మధ్యలోని గుంటలో డ్రిల్ మొన ఆనించి, ముందు చేత్తోనే నాలుగు చుట్లు తిప్పండి. అది కుదురుకున్నాక తల మందం వరకే తొలవండి, లోపలికి పోవద్దు. ఆ గుంటలో సన్నటి పంచ్ పెట్టి పక్కకు వంచితే తల టిక్‌మని ఊడి వస్తుంది. ఆ తర్వాత వెనక ఆసరా పెట్టి మెల్లగా తడితే తోక జారిపోతుంది. తొందరపడి సుత్తితో గట్టిగా కొట్టారంటే రిబ్బు అంచు వంగుతుంది.

ఒకవైపు నుంచే బిగించే పాప్ రివెట్లతో కట్టే కిట్లను చిన్నచూపు చూసేవాళ్లూ ఉన్నారు. బకెట్ల మరమ్మతుకు వాడే పాప్ రివెట్ వేరు, విమానానికి వాడేది వేరు. ఆ రివెట్ బలానికి తగ్గట్టు ముందే లెక్కవేసి డిజైన్ చేస్తారు. ఒక్కడే కూర్చుని పని చేసుకోవచ్చు, చప్పుడూ ఉండదు. పక్కింటి వాళ్లతో మంచిగా ఉండాలనుకునేవాళ్లు దీని గురించి సీరియస్‌గా ఆలోచించవచ్చు.

అపోహ: ఇంజనీరింగ్ చదివి ఉండాలి, హ్యాంగర్ (విమానాల షెడ్డు) కావాలి

రెండూ అక్కర్లేదు. ఇప్పటి మంచి కిట్లలో చాలా రంధ్రాలు కంప్యూటర్ యంత్రం మీద ముందే పడి వస్తాయి. రేకును రిబ్బు మీద పెట్టి, రంధ్రాలు కలిపి, క్లీకోలనే స్ప్రింగు పిన్నులు బిగిస్తే ఆకారం దానంతటదే వస్తుంది. రెండు కార్లు పట్టే గ్యారేజీ చాలు. రెక్కలు విడిగా చేసుకుని గోడవారగా నిలబెట్టుకోవచ్చు. రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ మొదలుపెట్టిన ఆర్‌వీ విమానాలు ఇప్పటికి 11,000 పైగా ఎగిరాయి. వాటిలో చాలావరకు ఇలాంటి గ్యారేజీల్లో పుట్టినవే.

కావాల్సిందల్లా ఓపిక. ఒక్కో రంధ్రాన్ని సైజుకు తొలవాలి, రెండువైపులా అంచున లేచిన పదును తీయాలి, తల రేకుతో సమంగా కూర్చునే రివెట్ అయితే దానికి గుంట నొక్కాలి, ఆ తర్వాతే కొట్టాలి. ఆ పదును వదిలేస్తే పగులు అక్కడే మొదలవుతుంది. అలాగని ఎక్కువ గీకితే పల్చటి రేకు అంచు కత్తిలా తయారవుతుంది, అదీ మంచిది కాదు. చేత్తో రెండు చుట్లు, చాలు. ఈ పని చేసేటప్పుడు నేను పాత పాటలు పెట్టుకుంటాను. వేరే దారి లేదు.

అపోహ: రేకు పని అయిపోతే విమానం అయిపోయినట్టే

రెక్కలు బిగించిన రోజు ఫొటో పెడితే అందరూ "ఎప్పుడు ఎగురుతున్నావ్?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు ఇంకో రెండేళ్లు పట్టింది. వైరింగు, ఇంజను చుట్టూ గాలి దారి మళ్లించే రేకులు, ఫైబర్‌గ్లాస్ మూతలు ఇవన్నీ అప్పుడే మొదలవుతాయి. పైలట్ తల మీద ఉండే పారదర్శక యాక్రిలిక్ మూతను, అంటే కనోపీని కోసేటప్పుడు పడ్డ టెన్షన్ నాకు మొదటిసారి ఎగిరేటప్పుడు కూడా లేదు. చలిలో కోస్తే యాక్రిలిక్ పెళుసుగా మారి పగులుతుంది. గదిని బాగా వెచ్చబరిచి, పళ్ల రంపం కాకుండా అరగదీసే చక్రంతో కోయాలి.

ఇక అసలు భయపడాల్సిన చోటు ఇంధనం. రెక్క ముందుభాగమే ట్యాంకుగా ఉండే కిట్లలో ప్రతి అతుకుకూ, ప్రతి రివెట్‌కూ నల్లటి సీలెంట్ పూయాలి. బంకలా అంటుకుంటుంది, కంపు కొడుతుంది, ఆ రోజు వేసుకున్న చొక్కాను పారేయడమే. తర్వాత ట్యాంకులోకి కొద్దిగా గాలి నింపి, ఒక గొట్టానికి బెలూన్ తొడిగి వదిలేస్తాం. ఎక్కువ గాలి కొడితే ట్యాంకే ఉబ్బి చెడిపోతుంది, అందుకే బెలూన్. నా బెలూన్ పొద్దున్నే వాడిపోయి కనిపించింది. గుండె జారిపోయింది. సబ్బునీళ్లు పూసి అంగుళం అంగుళం వెతికాను, ఒక్క బుడగ రాలేదు. మధ్యాహ్నానికి బెలూన్ మళ్లీ నిండుగా ఉబ్బింది. రాత్రి చల్లదనానికి లోపలి గాలి కుంచించుకుపోయిందంతే.

ట్యాంకు కారకపోతే సరిపోదు. విమానం ముక్కును పైకెత్తే కోణంలో నిలబెట్టి, ఇంజను దగ్గర పైపు ఊడదీసి, నిమిషానికి ఎంత ఇంధనం వస్తోందో కొలవాలి. ఇంజను పూర్తి బలంతో తాగేదానికి, పంపు ఉంటే 125 శాతం, కేవలం పైనుంచి కిందికి కారే పద్ధతైతే 150 శాతం రావాలి. పట్టుమని గంట పట్టని పరీక్ష. దీన్ని దాటేసి నేరుగా రన్‌వే దగ్గరికి వెళ్లేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

అపోహ: 51 శాతం రూల్ అంటే సగానికి పైగా గంటలు మనమే పని చేయాలి

సొంతంగా కట్టుకున్న విమానంగా గుర్తింపు పొందడానికి పెట్టిన అమెరికా నిబంధన ఇది. అక్కడ లెక్క గంటలది కాదు, పనులది. తయారీ, కూర్పు పనుల్లో ఎక్కువ భాగం చదువు కోసమో సరదా కోసమో చేసేవాళ్ల చేతుల మీదుగా జరగాలి. స్నేహితుడు సాయం పడితే తప్పులేదు. ఇంజను సొంతంగా తయారు చేయనక్కర్లేదు. వేరే దేశాల్లో నియమాలు వేరు. కిట్ కొనకముందే తెలుసుకోండి, రెక్కలు అయ్యాక కాదు.

అపోహ: కట్టినవాడే మొదట ఎగరాలి

ఈ సెంటిమెంటు నాకూ ఉండేది. కానీ కట్టే ఏళ్లలో డబ్బూ సమయమూ దీనికే పోయి, చాలామంది ఎగరడమే మానేస్తారు. తుప్పు పట్టిన చేయి, కొత్త విమానం, మొదటిసారి తిరుగుతున్న ఇంధన వ్యవస్థ మూడూ ఒకే రోజు కలవకూడదు. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2012లో ఇచ్చిన అధ్యయనంలో ఇలాంటి విమానాల ప్రమాదాల్లో ముందు వరుసలో ఉన్నవి ఇంజను శక్తి పోవడం, గాల్లో అదుపు తప్పడం. 2014 నుంచి అక్కడ, షరతులకు లోబడి, పరీక్ష దశలో అనుభవం ఉన్న రెండో పైలట్‌ను వెంట తీసుకెళ్లే వీలు కూడా కల్పించారు.

నా విమానాన్ని మొదట ఎగరేసింది అదే మోడల్‌లో వందల గంటలు తిరిగిన ఒక పెద్దాయన. నేను కింద నిలబడి రేడియో పట్టుకున్నాను. ఇరవై నిమిషాల తర్వాత దిగి, కనోపీ తెరిచి, "ఎడమ రెక్క కొంచెం బరువుగా ఉందోయ్" అన్నారు. అంటే విమానం ఎడమకు వాలుతోందన్నమాట. వెడల్పు నోరున్న ప్లయర్ తెచ్చి, ఐలెరాన్ (రెక్క వెనక కదిలే పలక) వెనక అంచును రవ్వంత నొక్కాం. రెండోసారి ఆయన దిగాక, మూడోసారి నేనెక్కాను.