గిటారు బద్దల చెక్క: అడిరాండాక్ పేరుకు గిరాకీ ఎలా వచ్చింది

అకూస్టిక్ గిటారును చేతితో తయారుచేసేవారు పైపలక అడుగున అతికించే బ్రేసులకు, అంటే సన్నని ఆధారపు బద్దలకు, చెక్క వెదికేటప్పుడు ముందుగా వినిపించే పేరు అడిరాండాక్ స్ప్రూస్ (స్ప్రూస్ అంటే సూదుల్లాంటి ఆకులుండే చలిప్రాంతపు చెట్టు). ఆ పేరుకు అంత గిరాకీ రావడం వెనుక అమెరికాలోని మార్టిన్ గిటార్ల కంపెనీ చరిత్ర ఉంది.

జర్మనీలోని సాక్సనీ నుంచి 1833లో న్యూయార్క్ చేరి, ఆ తర్వాత పెన్సిల్వేనియాలోని నజరెత్‌లో స్థిరపడిన ఆ కంపెనీ స్థాపకుడు సి.ఎఫ్. మార్టిన్, రెండు బద్దలు కత్తెరలా ఒకదాన్నొకటి దాటే ఎక్స్ అమరికను 1840లలో చేపట్టాడు. అప్పట్లో వాడినవి పేగు తీగలు కనుక లాగుడు తక్కువ. 1920లలో ఉక్కు తీగలు మామూలయ్యాక, ఆరు తీగలూ కలిసి సుమారు 70 కిలోల బరువుకు సమానంగా లాగుతుంటే, మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండే పలకను నిలబెట్టే భారమంతా బద్దల మీద పడింది.

1930ల మార్టిన్ గిటార్ల పైపలకలు ఎక్కువగా తూర్పు అమెరికా కొండల్లో పెరిగే ఎర్ర స్ప్రూస్‌వి. అడిరాండాక్ అన్నది దానికే వాడుక పేరు. బద్దలను అక్కడక్కడ ఉలితో పల్లంగా చెక్కి తేలిక చేసేవారు కనుక పలక స్వేచ్ఛగా కంపించి, మంద్రం నిండుగా పలికేది. లావు తీగలు బిగించేవారు పెరిగి పలకలు ఉబ్బడంతో 1944 చివర్లో ఆ చెక్కుడు మానేశారు. దాదాపు అదే సమయంలో, దశాబ్దాల నరికివేత తర్వాత వెడల్పాటి ఎర్ర స్ప్రూస్ మానులు దొరకడం కష్టమై, పైపలకలకు పసిఫిక్ తీరపు సిట్కా స్ప్రూస్ వచ్చింది. రెండు మార్పులూ ఒకేసారి రావడంతో, పాత గిటార్ల నాదాన్ని ప్రేమించిన తర్వాతి తరం ఉలిపనికి దక్కవలసిన మెప్పులో చాలా భాగాన్ని చెట్టుకు కట్టబెట్టిందని నా అభిప్రాయం. 1976లో పల్లపు బద్దలను తిరిగి తెచ్చిన మార్టిన్ గిటారు మోడల్ హెచ్‌డి-28 పైపలక సిట్కాదే.

లెక్క కూడా ఇదే చెబుతుంది. బద్ద వెడల్పు రెట్టింపైతే దృఢత్వం రెండింతలే అవుతుంది, ఎత్తు రెట్టింపైతే ఎనిమిదింతలవుతుంది. ఒక చెక్క మరోదానికంటే పది శాతం గట్టిదైనా, 15 మిల్లీమీటర్ల ఎత్తున్న బద్దలో ఆ తేడా అర మిల్లీమీటరుకు సమానం. చిత్రికను నాలుగైదుసార్లు ఆడిస్తే అది పోతుంది.

నార తిన్నగా లేకపోతే మాత్రం చిత్రిక సరిచేయలేదు. రంపం మనం గీసిన గీత వెంట పోతుంది, గొడ్డలి దెబ్బకు చెక్క తన నార వెంట చీలుతుంది; అందుకే జాగ్రత్త గల పనివారు బద్దల దిమ్మెను ముందు చీల్చి, ఆ ముఖాన్ని ఆనవాలుగా పెట్టుకుని కోస్తారు. బద్ద పక్కను ఒకవైపు చిత్రిక పడితే నున్నగా వచ్చి, ఎదురు దిక్కున పడితే పెచ్చులు లేస్తే, నార ఏటవాలుగా బయటికి పోతున్నట్టే. అలాంటి ముక్క అడిరాండాక్‌దే అయినా, పల్లం చెక్కి సన్నబరిచిన చోట తీగల లాగుడుకు బీటలు వారే ప్రమాదం ఉంది.