ధాన్యం, బియ్యం, అమ్మమ్మ మాత్ర

చిట్టితల్లీ, నానీ,

అమ్మమ్మకి వచ్చింది కిడ్నీ క్యాన్సర్ కదా, మరి మెడ దగ్గరుండే థైరాయిడ్‌కి మాత్ర ఎందుకని ఫోన్‌లో అడిగారు. కోతమిషను చప్పుడులో సరిగ్గా చెప్పలేకపోయాను.

కోనసీమ మనవలు కాబట్టి ధాన్యంతోనే చెబుతాను. థైరాయిడ్ ఒంట్లోకి వదిలేది చాలావరకు ధాన్యమే. అదొక హార్మోను, పేరు టీ4. ఒక్కోదానిలో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. ధాన్యం వండుకోలేం, ఆడించాలి. ఒక అయోడిన్‌ని ఊడగొడితే టీ3 వస్తుంది, అదీ బియ్యం. కణాలకు గట్టిగా పని చెప్పేది అదే. ధాన్యాన్ని 1914లో అమెరికాలో కెండల్ అనే శాస్త్రవేత్త పట్టుకున్నాడు. బియ్యం మాత్రం 1952 దాకా దొరకలేదు!

ఆడించే మిల్లులు లివర్‌లో, కిడ్నీలో ఉంటాయి.

నా చిన్నప్పుడు మా ఊళ్లో హల్లరు మిల్లుండేది. బస్తాలు మారిపోకుండా నన్ను కాపలా కూర్చోబెట్టేవారు. గొట్టం కింద చెయ్యి పెడితే బియ్యం గోరువెచ్చగా పడేవి. తవుడు మూటగట్టి గేదెలకు తెచ్చుకునేవాళ్లం. అందులో మిల్లువాడు నొక్కేసేది వేరే కథ.

ఎక్కువమందికి వచ్చే రకం కిడ్నీ క్యాన్సర్‌లో ఈ మిల్లు దాదాపు మూతపడుతుంది. మిల్లంటే డీఅయోడినేజ్ అనే ఎంజైము, గడ్డ కణాల్లో అది బాగా తగ్గిపోతుంది. బియ్యం పట్టుకునే గిన్నెలు, అంటే రిసెప్టర్లు, కొన్ని గడ్డల్లో చిల్లులు పడి ఉంటాయి. ఊరంతా ధాన్యం ఉన్నా ఆ ఇంట్లో మాత్రం అన్నం ఉడకదు.

అయితే అమ్మమ్మ మాత్ర ఇందుకు కాదు. గడ్డకు రక్తం అందకుండా చెయ్యడానికి సునిటినిబ్ అనే మందు ఇచ్చారు. అది రక్తనాళాల్ని కట్టడి చేస్తుంది. థైరాయిడ్ నిండా రక్తనాళాలే, దానికీ దెబ్బ తగిలింది. ఆ మందు వాడేవాళ్లలో చాలామందికి ఇలాగే థైరాయిడ్ మందగిస్తుంది. మండువేసవిలో అమ్మమ్మ దుప్పటి కప్పుకుని కూర్చునేది, గుర్తుందా? ఆ చలి దానివల్లే. ఇప్పుడు వేసుకునే మాత్రలో ఉన్నదీ ధాన్యమే, టీ4. మిగిలిన కిడ్నీ, లివర్ దాన్ని ఆడించుకుంటాయి.

ఇది క్యాన్సర్‌కి మందనుకుని ఎవరైనా కొనుక్కుంటామంటే వద్దనండి. ఎక్కువైతే గుండె దడ వస్తుంది. డాక్టరు రక్తపరీక్ష చూసి చెప్పినంతే వేసుకోవాలి. పరగడుపున వేసుకుని కనీసం అరగంట కాఫీ జోలికి పోకూడదు. మీ అమ్మమ్మ పావుగంటకే గ్లాసు పట్టుకుంటుంది. నా మాట వినదు, మీరే ఫోన్ చేసి కేకలెయ్యండి.

ఇంకోటి. వంటింట్లో ఉప్పు ప్యాకెట్ తిప్పి చూడండి, అయోడిన్ ఎంత కలిపారో రాసి ఉంటుంది. థైరాయిడ్ తన ధాన్యం పండించుకునేది దాంతోనే. ఎంతుందో నాకు మెసేజ్ పెట్టండి.

తాతయ్య