తన తలలో పేలు తనకు కనబడవు

చిన్నీకి, నీ భుజం మీంచి తొంగిచూస్తూ ఇది చదువుతున్న తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. చీమల మీద నువ్వు రాసిన వ్యాసం కూడా అందింది, టీచరు పెట్టిన ఎర్ర గుర్తులతో సహా. "తాతయ్యా, ఇచ్చే ముందు నాలుగుసార్లు చదివాను. ఒక్క తప్పూ కనబడలేదు. టీచరు ఒక్కసారి చదివి పదకొండు పట్టుకున్నారు. నా కళ్లు బాగాలేవా?" అని అడిగావు.

నీ కళ్లకేం, నిక్షేపంలా ఉన్నాయి. పోయిన వేసవిలో నీ తలలో పేలు పడ్డాయి, గుర్తుందా? (తమ్ముడూ, నవ్వకు. వారం తిరక్కుండా నీకూ పడ్డాయి.) నువ్వు అద్దం ముందు నిలబడి అరగంట వెతుక్కున్నావు. ఏమీ దొరకలేదు. తలలో ఏమీ లేవని గట్టిగా వాదించావు కూడా. అమ్మ నిన్ను వెలుతురులో కూర్చోబెట్టి ఒక్క పాయ తీసిందో లేదో, ఒకటి పాకుతూ కనబడింది. అమ్మ కళ్లు నీ కళ్లకంటే మంచివా? అమ్మకు కళ్లజోడు ఉంది! తల నీది కావడమే చిక్కు. తన తలలో పేలు తనకు కనబడవు.

రాసినదాని సంగతీ అంతే. నువ్వు నాలుగుసార్లు చదివానన్నావే, ఆ నాలుగుసార్లూ కాగితం మీద ఉన్నది చదవలేదు. మనసులో అనుకున్నది చదువుకున్నావు. చదివేటప్పుడు కన్ను అక్షరం తర్వాత అక్షరం నడుచుకుంటూ పోదు. పిచ్చుకలా గెంతుతుంది. ఒక్కోచోట సెకనులో నాలుగోవంతు ఆగి, మళ్లీ గెంతుతుంది. మధ్యలో సరిగా చూడని అక్షరాలను మనసు తనే ఊహించి పూరించేస్తుంది. వేరేవాళ్ల రాత అయితే ముందు ఏం వస్తుందో తెలియదు కాబట్టి కాస్త తడుముకుంటూ పోతుంది. మన రాత అయితే అంతా తెలుసు కదా, పరుగే పరుగు. తప్పు మీదినుంచి దూకి వెళ్లిపోయినా దానికి తెలియదు.

పేలకూ తప్పులకూ ఒక తేడా లేకపోలేదు. పేను ఎవరి తలలో ఉంటే వాళ్లకే దురద. తప్పు అలా కాదు, రాసినవాడికి దురద పెట్టదు, చదివేవాడికి పెడుతుంది.

ఇప్పుడు నీ వ్యాసంలోదే ఒక వాక్యం చూద్దాం. టీచరు గుర్తు పెట్టారు గానీ ఎందుకు పెట్టారో నీకు బోధపడలేదన్నావు.

"చీమలు తమ బరువుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ బరువు మోసుకుంటూ, ఒకదాని వెనుక ఒకటి, దారి తప్పకుండా నడిచి పుట్టకు చేరుతుంది."

మంచి వాక్యం. నాకు నచ్చింది. కానీ ఒక వేలు మొదటి మాట మీద పెట్టు, ఇంకో వేలు చివరి మాట మీద పెట్టు. మధ్యలో ఉన్నదంతా వదిలెయ్. ఏం మిగిలింది? "చీమలు చేరుతుంది." చూశావా, ఎలా బయటపడిందో! "చీమలు చేరుతాయి" అనాలి. నీకు ఏకవచనం, బహువచనం తెలియక కాదు. మన తెలుగులో క్రియ చివరికి వస్తుంది. వాక్యం మొదలుపెట్టినప్పుడు చీమలు చాలా ఉన్నాయి. దారిలో "ఒకటి" అనే మాట తగిలింది. చివరికి వచ్చేసరికి నీ మనసులో ఒక్క చీమే మిగిలింది. మిగతావి దారిలో తప్పిపోయాయి పాపం. పెద్ద పెద్ద రచయితలకూ ఇలాగే అవుతుంది. వాక్యం పొడుగైన కొద్దీ మొదటి మాట మరుగున పడుతుంది. అందుకే పొడుగు వాక్యం కనబడితే ఈ రెండు వేళ్ల పరీక్ష పెట్టు. అప్పటికీ తేలకపోతే వాక్యాన్ని రెండు ముక్కలు చెయ్యి. ఎవరూ ఏమీ అనరు.

సరే, పేల దువ్వెన దగ్గరికి వద్దాం. అమ్మ ఎలా చూస్తుందో గమనించావా? తలంతా ఒకేసారి చూడదు. పాయలు తీస్తుంది. ఒక పాయ అయ్యాక ఇంకో పాయ. నువ్వూ అలా ఒక్కోసారి ఒక్కటే వెతుకు. ఒకసారి ఒత్తులు, దీర్ఘాలు మాత్రమే. ఇంకోసారి క్రియలు మాత్రమే. మరోసారి పేర్లు, అంకెలు మాత్రమే. అన్నీ ఒకే చదువులో పట్టేద్దామనుకుంటే కథలో పడి కొట్టుకుపోతాం.

అమ్మ ఇంకోటి కూడా చేస్తుంది. ఒకసారి దువ్వి వదిలెయ్యదు. ఈపులుంటాయి కదా, అదే, పేను గుడ్లు. అవి పిల్లలవడానికి వారం పైనే పడుతుంది. అందుకే మళ్లీ కొన్నాళ్లకు నిన్ను పట్టుకుని కూర్చోబెడుతుంది, నువ్వు ఎంత గింజుకున్నా. రాసిన వెంటనే చదివితే ఈపులు కనబడవు. కనీసం ఒక రాత్రి పడుకోనివ్వు, నిన్నూ, నీ వ్యాసాన్నీ. తెల్లారి చదివితే "ఇదెవరు రాశారబ్బా?" అనిపిస్తుంది. అలా అనిపించడమే మనకు కావలసింది. అప్పుడు తల నీది కాదు, ఎవరిదో.

పైకి చదవడం కూడా అందుకే. కన్ను గెంతుతుంది గానీ నాలుక అంత సులువుగా గెంతలేదు. ఒక మాట రెండుసార్లు పడితే నాలుకకు తగులుతుంది. వాక్యం మరీ పొడుగైతే ఊపిరి చాలదు. ఊపిరి చాలని చోటల్లా పెన్సిలుతో చిన్న గీత పెట్టు, తర్వాత చూసుకోవచ్చు.

దీని గురించి నాకు బాగా తెలుసు, ఎలాగంటావా? నీ వయసులో నేను సెలవులకు ఒక చిన్న ప్రెస్సులో కూర్చునేవాణ్ని. అప్పటికి కంప్యూటర్లు లేవు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చేవాళ్లు. అక్షరాలు అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటాయి. కంపోజిటరు వాటిని అలాగే గడగడా చదివేసేవాడు. నాకది గారడీలా ఉండేది. పేర్చింది అయ్యాక సిరా పూసి ఒక కాగితం మీద అచ్చు తీసేవాళ్లు. అదే ప్రూఫు. దాన్ని చూసే పెద్దాయన ఒకాయన ఉండేవారు. నా పని ఏమిటంటే, చేత్తో రాసిన ప్రతిని పైకి చదవడం. ఆయన ప్రూఫు చూస్తూ వింటారు. కామా వస్తే "కామా" అనాలి, ఫుల్‌స్టాప్ వస్తే "స్టాప్" అనాలి. నేను ఉత్సాహంగా భావం పలికిస్తూ చదివితే ఆయనకు కోపం. "నాటకం వద్దురా, అక్షరాలు చదువు" అనేవారు. ఆయన ఒక అట్టముక్క పెట్టి, చదువుతున్న పంక్తి ఒక్కటే కనబడేలా కింద ఉన్నవన్నీ కప్పేసేవారు. అట్టముక్క అలా మెల్లగా కిందికి జరిగేది, కన్ను ముందుకు గెంతకుండా. ఇప్పటికీ నా పుస్తకాల మధ్య అలాంటి అట్టముక్క ఒకటి ఉంటుంది.

ఒకరోజు ఆయన రాలేదు. ఒక బడి సభకు కరపత్రం అచ్చు కావాలి, నువ్వే చూసెయ్ అన్నారు ప్రెస్సువాళ్లు. నా ఆనందం చూడాలి! వంద పంక్తులు దువ్వాను. వక్తల పేర్లు, తారీఖు, వేళ, అన్నీ రెండేసిసార్లు సరిచూశాను. చిన్న అక్షరాలలో తొమ్మిది తప్పులు పట్టాను. అచ్చయిపోయింది. సాయంత్రం పెద్దాయన వచ్చి కరపత్రం దూరంగా పట్టుకుని చూసి, ఏమీ అనకుండా నా చేతికిచ్చారు. అన్నిటికంటే పైన, అరచేయంత అక్షరాలతో "బహుమతి ప్రధానోత్సవం" అని ఉంది. ఇవ్వడం ప్రదానం. ముఖ్యమైనది ప్రధానం. "ద" కింద ఒక్క గీత ఎక్కువైంది. పెద్దక్షరాలలో తప్పుంటుందని నాకు తోచనేలేదు. అసలు అటు చూడనేలేదు. ఆ రాత్రంతా నిద్ర లేదు. మర్నాడు ఆయన "పెద్ద పేను ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుందిరా" అన్నారు. ఇప్పుడు అర్థమైందా, పేల మీద నాకింత మక్కువ ఎక్కణ్నుంచి వచ్చిందో.

అచ్చులో వచ్చే తప్పుల్ని మనవాళ్లు ముద్రారాక్షసాలు అంటారు. తమాషాకు అచ్చుతప్పుల్ని కూడా "అప్పుతచ్చులు" అంటారు, ఆ మాటలోనే తప్పు దొర్లించి. ఇలాంటివి ప్రపంచమంతా ఉన్నాయి. 1631లో లండన్‌లో అచ్చయిన బైబిల్‌లో, చేయకూడని పనులు చెప్పే ఆజ్ఞల్లో ఒకచోట "కూడదు" అనే మాట జారిపోయింది. అంటే చేయమని దేవుడే చెప్పినట్టయింది! అచ్చువేసినవాళ్లకు 300 పౌన్ల జరిమానా పడింది. ఇంకోటి. 1962 జూలై 22న శుక్రగ్రహం వైపు బయల్దేరిన మారినర్ 1 అనే వ్యోమనౌకను 293 సెకన్లకే గాల్లో పేల్చేయాల్సి వచ్చింది. ఒక పరికరం మొరాయించింది. దానికి తోడు, దారి చూపే సూత్రాలను ఎత్తి రాసేటప్పుడు ఒక గుర్తు మీద ఉండాల్సిన చిన్న గీత వదిలేశారు. గీత అంటే గీతే, గోరంత కూడా ఉండదు. నీ పదకొండు ఎర్ర గుర్తులకు ఏ నౌకా కూలలేదు, కాబట్టి టెన్షన్ పడకు.

మన అక్షరాల్లో ఇలాంటి గోరంతలు బోలెడు. "అర్ధం", "అర్థం" పక్కపక్కన రాసి చూడు. పొట్టలో చుక్క లేకపోతే సగం. చుక్క ఉంటే భావం. అర్ధరాత్రికి చుక్క అక్కర్లేదు, అర్థం కావాలంటే చుక్క ఉండాలి. కథకూ, రథానికీ, ప్రథమానికీ ఆ చుక్క ఉంది. చాలామంది "కధ", "ప్రధమ" అని రాసేస్తారు. నువ్వు మూడోచోట "భాద" అని రాశావు. ఒత్తు మొదటి అక్షరానికి కాదు, రెండోదానికి. బాధ. "కల" అంటే నిద్రలో వచ్చేది, "కళ" అంటే నేర్చుకునేది. "చీమలు వేళ సంఖ్యలో" అని రాశావు. "వేల" అంటే ఎన్నో, "వేళ" అంటే ఎప్పుడో. వీటికి సూత్రం వెతక్కు. ఎప్పుడూ తప్పే మాటలు మనిషికి ఓ పది పన్నెండుకు మించి ఉండవు. చిన్న పుస్తకం పెట్టి నీవి అందులో రాసుకో. నా పుస్తకంలో మొదటి మాట "ప్రదానం" అని వేరే చెప్పాలా?

ఇక కామా. ఈ రెండూ చదువు:

"రవి, నవ్వుతూ వచ్చిన గోపిని పలకరించాడు."
"రవి నవ్వుతూ, వచ్చిన గోపిని పలకరించాడు."

మాటలన్నీ అవే. నవ్వినవాడు మారిపోయాడు! ఇలాంటిదే మాటల మధ్య ఖాళీ కూడా. "రామునితో కపివరుండు" అన్నదాన్ని "రాముని తోక పివరుండు" అని విరిచి, రాముడికి తోక తగిలించినవాడి కథ మీ తమ్ముడికి నువ్వే చెప్పు.

"ఫోను దిద్దుతుంది కదా, ఇంత కష్టమెందుకు?" అని తమ్ముడు అడుగుతాడు, నాకు తెలుసు. దిద్దుతుంది. కానీ కల, కళ రెండూ మాటలే కదా, నీకు ఏది కావాలో దానికెలా తెలుస్తుంది? పైగా మన తెలుగులో ఇల్లు ఒకటే అయినా ఇంటికి, ఇంట్లో, ఇంటిమీద, ఇళ్లలోంచి అని ఎన్ని రూపాలో! అన్నీ దానికి తెలియవు. తెలియనప్పుడు తనకు తెలిసిన మాట తెచ్చి పెట్టేస్తుంది. మొన్న మీ అమ్మకు నేను "బయల్దేరాం" అని కొడితే అది ఇంకేదో పంపింది, మీ అమ్మ కంగారుపడి ఫోను చేసింది. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందట. దాని సాయం తీసుకో, పెత్తనం మాత్రం ఇవ్వకు.

ఒక్క మాట చెప్పి ఆపేస్తాను, చెయ్యి నొప్పెడుతోంది. రాసేటప్పుడు మాత్రం తప్పులు వెతక్కు. పేలున్నాయేమోనని ఆడుకోవడం మానేస్తావా? తల నిండా మట్టి పోసుకుని ఆడుకో, ఇంటికొచ్చాక దువ్వుకోవచ్చు. నీ చీమల వ్యాసంలో, వర్షం ముందు అవి గుడ్లు నోట కరుచుకుని గోడెక్కడం నువ్వు చూసి రాశావు చూడు, అక్కడ ఒక్క ఎర్ర గుర్తూ లేదు. ఉన్నా నేను చూసి ఉండేవాణ్ని కాదు. అలాగే పక్కవాడి రాతలో తప్పు దొరికితే చెవిలో చెప్పు, చప్పట్లు కొట్టి చెప్పకు. తల అందరికీ ఉంది.

రేపు వెలుతురున్నప్పుడు ఆ వ్యాసాన్ని శుభ్రంగా మళ్లీ రాసి, ఒక అట్టముక్క తీసుకుని, చివరి వాక్యం నుంచి మొదటి వాక్యానికి, వెనక్కి చదువుకుంటూ రా. కథ తెగిపోతుంది కదా, కన్ను పరిగెత్తలేదు. టీచరు పట్టుకోని పన్నెండోది ఒకటుంది. ఎక్కడో చెప్పను. దొరికితే రాయి.

ఈ ఉత్తరం నేను మూడుసార్లు చదివి, తప్పుల్లేవనుకుని కవరులో పెట్టబోయాను. అమ్మమ్మ లాక్కుని చదివింది. నాలుగు దొరికాయి. ఒకటి అన్నిటికంటే పైన, నీ పేరులో.

మీ తాతయ్య