దాచిన చేతులతోనే

చిరంజీవులకు ఆశీస్సులు.

దొంగే డిటెక్టివ్ అయ్యే పాత సినిమా చెప్పమన్నారుగా, 'ఎ స్కాండల్ ఇన్ పారిస్' చూడండి. 1946లో హాలీవుడ్‌లో డగ్లస్ సిర్క్ తీసిన నలుపు తెలుపు సినిమా. దొంగగా మొదలై డిటెక్టివ్ అయిన ఫ్రెంచివాడు విడోక్ కథ ఇది. ఆ వేషం జార్జ్ శాండర్స్‌ది. 1967 నాటి 'జంగిల్ బుక్' కార్టూన్‌లో షేర్ ఖాన్‌కు గొంతిచ్చింది ఈయనే. ఆ తాపీ, ఆ వెటకారం ఇక్కడా వినిపిస్తాయి.

మొదట్లో వచ్చే బొమ్మను గుర్తుపెట్టుకోండి. జైలు నుంచి పారిపోయిన విడోక్, చర్చి కోసం గీసే బొమ్మకు డ్రాగన్‌ను చంపిన క్రైస్తవ వీరుడు సెయింట్ జార్జ్‌గా నిలబడతాడు. జోడీ దొంగ ఎమిల్, అతని చేతిలో చచ్చే డ్రాగన్. బొమ్మ పూర్తికాకముందే ఇద్దరూ గుర్రంతో సహా మాయం! తర్వాత పోలీసు మంత్రి కూతురు తెరెస్ మనసు పారేసుకునేది ఆ బొమ్మలోని ముఖం మీదే. చివర్లో రంగులరాట్నం మీద కొట్లాట వచ్చినప్పుడు ఎవరు జార్జ్, ఎవరు డ్రాగన్ అన్నది మీరే చెబుతారు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ పట్టేవాడే ఇంటి దొంగ. మంత్రిగారింటి నగలు కాజేసి, తనే 'పరిశోధించి' తెచ్చిస్తాడు. పట్టలేకపోయిన పోలీసు అధికారి రిషే కొలువు పోతుంది, అది విడోక్‌కు దక్కుతుంది. అతని తర్కం వింటే భేష్ అనిపిస్తుంది కానీ, జవాబు ముందే తెలిసినవాడు లెక్కను వెనక నుంచి చేసుకొస్తున్నాడంతే. తర్వాతి ఎత్తు బ్యాంకు: ఎమిల్ చుట్టాలను అక్కడ ఉద్యోగాల్లో పెట్టిస్తాడు. ఇక తాళాలు పగలగొట్టే పనేముంది?

దీన్ని చరిత్రగా చదివితే మాత్రం పప్పులో కాలేస్తారు. సినిమా విడోక్ జైల్లో పుడతాడు. అసలు విడోక్ 1775లో ఫ్రాన్స్‌లోని ఆరాస్ ఊళ్లో రొట్టెల వ్యాపారి ఇంట పుట్టాడు. దొంగ పత్రాల కేసులో 8 ఏళ్ల కఠిన శిక్ష పడితే బ్రెస్ట్ ఊరి జైలు నుంచి తప్పించుకున్నాడు. 1809లో మళ్లీ దొరికాక పోలీసులకు వేగుగా మారి, బిసెత్ర్, లాఫోర్స్ జైళ్లలో 21 నెలలు తోటి ఖైదీల కబుర్లు బయటికి చేరవేశాడు. 1811లో మాజీ ఖైదీలతోనే మఫ్టీ దళం కట్టాడు. అదే 'సూర్తె'. జైళ్లకు వెళ్లి ముఖాలు గుర్తుపెట్టుకోవడం, నేరస్థుల వివరాలు రాసి పెట్టుకోవడం వాళ్ల అసలు పని. 1827లో కొలువు వదిలి, 1833లో సొంత డిటెక్టివ్ ఆఫీసు తెరిచాడు.

వేగుగా గడిపిన ఆ 21 నెలలు సినిమాలో కనిపించవు. అందగాడి వేషానికి చాడీలు చెప్పడం నప్పదు మరి.

మధ్యలో ఒక హత్య ఉంది, చిన్నదాన్ని ఒంటరిగా చూడనివ్వకండి.

మీ తాతయ్య